ఐసెట్ సీటా, విశాఖ ఐఐఎమ్మా, ఐఎస్‌బీయా: ఎంబీఏకు ముందు వేసుకోవలసిన లెక్క

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారూ, మూడు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి విసిగినవారూ నన్ను ఒకే మాట అడుగుతుంటారు: ఎంబీఏ ఎక్కడ చదివితే మంచిది? దానికి బదులుగా నేను రెండు ప్రశ్నలు వేస్తాను. డిగ్రీ అయి ఎన్నేళ్లయింది? ఫీజు కట్టేది ఎవరు? ఈ రెంటికీ జవాబు దొరికేసరికి సగం కళాశాలలు వాటంతట అవే జాబితాలోంచి తప్పుకుంటాయి. సంస్థ పేరు, ర్యాంకింగు, స్నేహితుడు ఎక్కడ చేరాడన్నది ఆ తర్వాత ఆలోచించవలసిన సంగతులు. మన ఇళ్లలో మాత్రం వరుస తిరగబడుతుంది. ముందు పేరు నిశ్చయమవుతుంది, అప్పు సంగతి సీటు వచ్చాక గుర్తుకొస్తుంది.

తెలుగు రాష్ట్రాల విద్యార్థికి సాధారణంగా కనిపించే దారులు మూడు. రాష్ట్ర స్థాయి ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్ రాసి విశ్వవిద్యాలయ కళాశాలలోనో, దాని అనుబంధ కళాశాలలోనో చేరడం ఒకటి. జాతీయ స్థాయి పరీక్ష అయిన క్యాట్ రాసి, కేంద్ర ప్రభుత్వ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ అయిన ఐఐఎంకు వెళ్లడం రెండవది. ఇక్కడ విశాఖపట్నం ఐఐఎంను ఉదాహరణగా తీసుకుంటాను. కొన్నేళ్లు ఉద్యోగం చేశాక అంతర్జాతీయ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌తో హైదరాబాద్ గచ్చిబౌలిలోని ప్రైవేటు బిజినెస్ స్కూలు ఐఎస్‌బీలో ఏడాది కోర్సు చేయడం మూడవది. నేను మొదటి దారిలో వెళ్లినవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ ఏటా చలికాలంలో కొందరికి మాక్ (నమూనా) ఇంటర్వ్యూలు చేస్తుంటాను. కనుక విశ్వవిద్యాలయం పట్ల నాకు కొంత మమకారం ఉంటుంది. పాఠకులు ఆ మేరకు తగ్గించి చదువుకోవచ్చు.

పరీక్షలు ఏం అడుగుతాయి

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. విశ్లేషణ, గణితం విభాగాలు తెలుగులోనూ ఉంటాయి కాబట్టి తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారికి ఇది నిజమైన అవకాశం. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస హద్దు కూడా లేదు. అందుచేత ఐసెట్‌లో అర్హత సాధించడం గొప్ప కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా వంటి చోట్ల క్యాంపస్ కళాశాలలో సీటు తెచ్చుకోవడమే అసలు పోటీ. వేలల్లో ర్యాంకు వచ్చినవారికి కూడా ఏదో ఒక అనుబంధ కళాశాలలో సీటు వస్తుంది. ఆ సీటు తీసుకోదగినదా కాదా అన్నది వేరే ప్రశ్న.

క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయాన్ని మరో విభాగానికి వాడుకోనివ్వరు. సరైన జవాబుకు 3 మార్కులు, ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నల్లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత. లెక్కల్లో దిట్టలైన మన పిల్లలు ఎక్కువగా తడబడేది మొదటి విభాగంలోనే, అంటే ఆంగ్ల గద్యాన్ని చదివి అర్థం చేసుకోవడంలో. ఇది కోచింగ్‌తో రెండు నెలల్లో వచ్చే విద్య కాదు. ఏడాది ముందు నుంచి రోజుకో పెద్ద వ్యాసం చదివే అలవాటు ఉన్నవారికే అబ్బుతుంది. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదని, రాసినవారిలో నూటికి ఎందరికంటే ముందున్నామో చెప్పే అంకె అని కూడా ఇంట్లో పెద్దలకు వివరించాలి. 2024లో సుమారు 2.93 లక్షల మంది ఈ పరీక్ష రాశారు. వారిలో 95 పర్సంటైల్ వచ్చిన విద్యార్థికి ముందు ఇంకా పద్నాలుగు వేల పైచిలుకు మంది ఉన్నట్టు లెక్క.

ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు సాధారణంగా రెండేళ్ల పూర్తికాల ఉద్యోగానుభవం కావాలి. జీమ్యాట్ గాని, జీఆర్ఈ గాని రాయాలి. జీమ్యాట్ ఇప్పుడు 2 గంటల 15 నిమిషాల పరీక్ష, స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. క్యాట్ స్కోరు ఆ ఏటితో సరి. ఉద్యోగంలో ఉన్నవారికి ఈ తేడా చిన్నది కాదు. ప్రాజెక్టు ఒత్తిడి లేని నెల చూసుకుని జీమ్యాట్ రాసి పెట్టుకుని, రెండేళ్ల తర్వాత దరఖాస్తు చేయవచ్చు. క్యాట్‌కు ఆ వెసులుబాటు లేదు. నవంబరులో ఆ ఆదివారం జ్వరం వస్తే ఏడాది పోయినట్టే.

పరీక్ష తర్వాతి వడపోత

ఐసెట్‌లో ఇంటర్వ్యూ ఉండదు. ర్యాంకు కార్డు, ధ్రువపత్రాల పరిశీలన, ఆపైన వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కళాశాలలను ఆన్‌లైన్‌లో వరుసగా నమోదు చేయడం. నెట్ సెంటర్లో తండ్రి కళాశాల కోడ్లు చదువుతుంటే కొడుకు టైపు చేయడం, వెనక వరుసలో ఉన్నవారు తొందరపెట్టడం, చివరికి ఇంటికి దగ్గరని అరవయ్యో నంబరు కళాశాలను మూడో ఐచ్ఛికంగా పెట్టి ఫ్రీజ్ చేసేయడం నేను కళ్లారా చూశాను. ఆ మూడో ఐచ్ఛికమే వచ్చింది. ఆప్షన్ల వరుసను ముందు రోజు రాత్రి ఇంట్లో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒక్కో కళాశాల పేరు పక్కన అక్కడ చదివిన ఒక్కరితోనైనా మాట్లాడారో లేదో గుర్తు పెట్టుకోండి. మాట్లాడని కళాశాలను మొదటి అయిదింటిలో ఉంచకండి.

ఐఐఎంల వడపోత ఇంతకు చాలా భిన్నం. పర్సంటైల్‌తో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటర్ మార్కులు అయిదేళ్ల తర్వాత మళ్లీ ఎదురొస్తాయని చాలామంది ఊహించరు. ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి నేను మాక్ ఇంటర్వ్యూ చేశాను. మెకానికల్ ఇంజినీరింగు, మంచి పర్సంటైల్, స్టార్టప్‌ల గురించి గడగడా చెబుతున్నాడు. మీ ఊరి మిర్చి యార్డులో ధర ఎవరు నిర్ణయిస్తారని అడిగాను. మౌనం. వాళ్ల తాతగారు ముప్పై ఏళ్లు ఆ యార్డుకే కాయ తోలారట. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాక కమీషన్ ఏజెంటు పాత్ర ఏమిటి, తేజ రకం మిర్చికి, 334 రకానికి ధర ఎందుకు వేరు, సరుకును శీతల గిడ్డంగిలో పెట్టి ఆగగలిగినవాడికి ఆగలేనివాడికంటే ఏం లాభం అన్నవి మార్కెట్ అనే పాఠానికి మొదటి పేజీ. ఆ అబ్బాయి ఊరికి వెళ్లి రెండు రోజులు యార్డులో తిరిగి వచ్చాడు. తర్వాతి మాక్‌లో నేను వినడమే సరిపోయింది. మీ ఊరు, మీ ఇంటి వృత్తి, మీ డిగ్రీలోని ఒక్క పాఠ్యాంశం, ఈ మూడింటినీ పది నిమిషాలు నిలబడి చెప్పగలిగితే ఇంటర్వ్యూ భయం చాలావరకు పోతుంది.

ఐఎస్‌బీలో వ్యాసాలు, సిఫారసు లేఖ, ఇంటర్వ్యూ ఉంటాయి. అక్కడ వారు తూచేది మీరు చేసిన పని. బృందంలో ఎనిమిదో మనిషిగా చేసినదాన్ని నాయకత్వంగా వర్ణిస్తే, ప్రశ్న మూడో మెట్టుకు వెళ్లేసరికి దొరికిపోతారు. చిన్న పనైనా మీ నిర్ణయం వల్ల ఏం మారిందో అంకెతో చెప్పగలగాలి.

అక్కడ రోజు ఎలా గడుస్తుంది

విశాఖ ఐఐఎం 2015లో బెంగళూరు ఐఐఎం మార్గదర్శనంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో మొదలైంది. ఇప్పుడు నగరానికి ఉత్తరాన గంభీరం దగ్గర సొంత ప్రాంగణం ఉంది. 2024 ఫిబ్రవరి 20న దాన్ని ప్రధాని లాంఛనంగా ప్రారంభించారు. అక్కడ చదివేవారికి సముద్రం కంటే కొండలే ఎక్కువ కనిపిస్తాయి, బీచ్ రోడ్డు ఆదివారాలకే పరిమితం. చదువు రెండేళ్లు, పూర్తిగా హాస్టల్ జీవితం. మొదటి టర్మ్‌లోనే అకౌంటింగ్, గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఒకేసారి మీదపడతాయి. అవి ఒంటపట్టకముందే వేసవి ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీలు వస్తాయి. చేరిన నాలుగైదు నెలలకే బయోడేటా పట్టుకుని నిలబడవలసి రావడం కొత్తవారిని కుదిపేస్తుంది. గ్రేడ్లు తోటివారితో పోల్చి ఇస్తారు కాబట్టి ఊళ్లో ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడు జీవితంలో మొదటిసారి మధ్య వరుసలో కూర్చుంటాడు. రెండో ఏడాదికి ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. నచ్చిన ఐచ్ఛికాలు తీసుకుని నిదానంగా చదివినవారు అప్పుడే నిజంగా నేర్చుకుంటారు.

ఐఎస్‌బీ 2001లో మొదలైంది. విదేశీ బిజినెస్ స్కూళ్లయిన కెల్లాగ్, వార్టన్, లండన్ బిజినెస్ స్కూల్ తొలి నుంచీ భాగస్వాములు. దాదాపు 260 ఎకరాల ప్రాంగణం. రెండవ ప్రాంగణం 2012 నుంచి మొహాలీలో ఉంది. హైదరాబాద్‌లోనే చదువుతామని ముందే ఊహించుకోకూడదు. ఏడాదిని ఎనిమిది చిన్న టర్మ్‌లుగా విడగొడతారు, మొదటి నాలుగు అందరికీ ఉమ్మడి, తర్వాత ఐచ్ఛికాలు. ఒక టర్మ్ అయిదారు వారాలే కావడం వల్ల రెండు రోజులు జలుబుతో పడుకుంటే ఒక అధ్యాయం జారిపోతుంది. నలుగురు కలిసి ఉండే ఇళ్లలో వంటగది బల్ల చుట్టూ రాత్రి పదకొండుకు కేసు (పాఠంగా ఇచ్చిన ఒక కంపెనీ సమస్య) మీద చర్చ మొదలవుతుంది: ఒకరు బ్యాంకులోంచి వచ్చినవారు, ఒకరు సైన్యంలోంచి, ఒకరు సొంత వ్యాపారం నడిపినవారు. చర్చకు రుచి ఆ అనుభవాల నుంచే వస్తుంది. వేసవి ఇంటర్న్‌షిప్ ఉండదు కాబట్టి, పూర్తిగా కొత్త రంగంలోకి మారాలనుకునేవారికి ముందే చేసి చూసే అవకాశం తక్కువ. ఇది చేరే ముందు చాలామంది తూకం వేయని లోటు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ 1957లోనే మొదలైంది. ఐఐఎంలే లేని కాలమది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు పుట్టింది 1961లో. ఇంత చరిత్ర ఉన్న విశ్వవిద్యాలయ విభాగాల్లో నేడు విద్యార్థి రోజు మాత్రం చాలా సడలింపుగా ఉంటుంది. మధ్యాహ్నానికి తరగతులు అయిపోతాయి, హాజరు ముప్పావు వంతు ఉంటే చాలు, సెమిస్టర్ పరీక్షకు ముందు నెల రోజులే పుస్తకం తెరిచేవారు ఉంటారు. గ్రంథాలయంలో ఎంబీఏ విద్యార్థి గ్రూప్స్ పుస్తకమో, బ్యాంకు పరీక్షల పుస్తకమో చదువుతూ కనిపించడం మామూలే. ఆ ఖాళీ సమయం శాపం కావచ్చు, వరం కావచ్చు. నా సహాధ్యాయి ఒకరు మధ్యాహ్నాలన్నీ ఒక ఆడిటర్ కార్యాలయంలో ఊరికే పని చేసి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నేర్చుకున్నారు. చదువు అయ్యేసరికి తనకు ఉద్యోగం చూపే బాధ్యత కళాశాల మీద పడలేదు. కంపెనీలు గుమ్మంలోకి వస్తాయని కూర్చున్న మిగతా మాకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది.

ఈ మూడింటి మధ్యలో జనం మరచిపోయే చోటు ఒకటుంది. గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మేనేజ్‌మెంట్ విభాగం 1999 నుంచి నడుస్తోంది. ప్రవేశం క్యాట్ స్కోరుతో, ఖర్చు ఐఐఎం ఖర్చులో చిన్న భాగం. ఐఐఎం పిలుపు రాకపోయినా మంచి పర్సంటైల్ ఉన్నవారు దీనికి తప్పక దరఖాస్తు చేయాలి.

అప్పు, జీతం, ధ్రువపత్రం

ఫీజులు ఏటా మారుతాయి, కాబట్టి అంకెలను ఆ ఏటి నోటీసులోనే చూడాలి. అయినా స్థూలంగా చెప్పుకుంటే, విశ్వవిద్యాలయ చదువు ఇంటి పొదుపుతో అయ్యేది, కొత్త ఐఐఎం చదువు 15 లక్షలు దాటేది, ఐఎస్‌బీ చదువు వసతితో కలిపి 40 లక్షల దరిదాపుల్లో ఉండేది. 20 లక్షల అప్పును 9.5 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 25,900 రూపాయలు; 40 లక్షలకు 51,800. చదువుతున్న కాలపు వడ్డీ అసలులో కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఐఎస్‌బీ విషయంలో ఆ ఏడాది వదులుకున్న జీతాన్ని కూడా ఖర్చు కిందే రాయాలి. పేరున్న సంస్థల సీటుకు బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండానే అప్పిస్తాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు అర్హత గల సంస్థల్లో 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. విద్యారుణం వడ్డీకి ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది.

ఇంత అప్పు తీరుతుందా అన్నదానికి ప్లేస్‌మెంట్ నివేదిక చూస్తారు. అందులో అత్యధిక జీతాన్ని అసలు చూడకండి. సగటును కూడా ఒకరిద్దరి పెద్ద జీతాలు పైకి లాగేస్తాయి. మధ్యస్థ జీతం, అంటే అందరినీ వరుసగా నిలబెడితే నడిమధ్య మనిషికి వచ్చేది, మీకు దగ్గర అంకె. ఎందరు చేరారు, ఎందరు ప్లేస్‌మెంట్‌లో పాల్గొన్నారు, ఎందరికి ఉద్యోగం వచ్చిందన్న మూడు సంఖ్యలూ లేని నివేదికను ప్రకటనగానే భావించాలి. అందులో చెప్పే సీటీసీకీ (కంపెనీ ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుకూ), నెలాఖరున చేతికి వచ్చేదానికీ మధ్య బోనసు, గ్రాట్యుటీ వంటివి చాలా ఉంటాయని ఉద్యోగం చేసినవారికి చెప్పనక్కర్లేదు, డిగ్రీ విద్యార్థికి మాత్రం చెప్పాలి.

ధ్రువపత్రం సంగతి కూడా వేరువేరు. విశ్వవిద్యాలయం ఇచ్చేది ఎంబీఏ డిగ్రీ. 2017 నాటి చట్టం తర్వాత ఐఐఎంలు కూడా డిగ్రీ ఇస్తున్నాయి. అంతకు ముందు డిప్లొమా ఇచ్చేవి. ఐఎస్‌బీ ఏడాది కోర్సు పూర్తి చేసినవారికి దక్కేది డిగ్రీ కాదు. ప్రైవేటు కంపెనీలు ఈ తేడాను పట్టించుకోవు. రేపు అధ్యాపకులవుదామనో, ఎంబీఏ డిగ్రీనే అర్హతగా అడిగే ప్రభుత్వ ఉద్యోగానికి పోదామనో ఉన్నవారు మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

రిజర్వేషన్ విషయంలో మన పిల్లలు ఏటా చేసే పొరపాటు ఒకటుంది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఐసెట్‌కు పనికొచ్చిన బీసీ పత్రం చూసుకుని క్యాట్ దరఖాస్తులో ఓబీసీ అని గుర్తు పెడితే, ఇంటర్వ్యూ నాటికి కేంద్ర నమూనాలో క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి) కాదన్న పత్రం చూపలేక ఇబ్బంది పడతారు. దరఖాస్తుకు ముందే మీ సేవలో పని మొదలుపెట్టాలి. ఐసెట్ వైపు స్థానికత నిబంధన చూసుకోవాలి: రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది, కాబట్టి అన్నగారు చేరిన పద్ధతిలోనే తమ్ముడు చేరగలడని అనుకోకూడదు.

ఎవరికి ఏది

డిగ్రీ ఇప్పుడే అయి, ఇంటి మీద అప్పు మోపలేని స్థితిలో ఉండి, ఐసెట్‌లో క్యాంపస్ కళాశాల వచ్చినవారు నిస్సంకోచంగా చేరవచ్చు. మధ్యాహ్నాలను ఏం చేసుకోవాలో చేరే ముందే నిర్ణయించుకోవాలి. డిగ్రీ అయి మూడేళ్లలోపు ఉండి, రంగం మారాలన్న కోరిక స్పష్టంగా ఉన్నవారికి ఐఐఎం రెండేళ్లే నయం, ఎందుకంటే ఆ వేసవి ఇంటర్న్‌షిప్ రంగం మారడానికి వంతెన. నాలుగైదేళ్లు పని చేసి, అదే రంగంలో పై మెట్టుకు వెళ్లాలనుకునేవారికి, ఇంట్లో చిన్న పిల్లలో పెద్దవారో ఉండి రెండేళ్లు ఆదాయం ఆపలేనివారికి ఐఎస్‌బీ సరిపోతుంది. ఊరి చివరి అనుబంధ కళాశాలలో యాజమాన్య కోటా సీటుకు డబ్బు కట్టడం కంటే ఏదైనా ఉద్యోగంలో చేరి మళ్లీ క్యాట్ రాయడం మేలని నా గట్టి అభిప్రాయం. ఈ మాటకు కొందరు తండ్రులు నా మీద కోపగించుకున్నారు కూడా.

సాధారణంగా ఐఐఎం ఫలితాలు వేసవిలో, ఐసెట్ కౌన్సెలింగ్ దాని తర్వాత వస్తాయి కనుక ఈ రెంటికీ పోటీ రాదు. చిక్కు వచ్చేది ప్రైవేటు సంస్థలతోనే. అవి ఫిబ్రవరి, మార్చిలోనే సీటు ఖాయం చేసుకోమని ముందస్తు సొమ్ము కట్టించుకుంటాయి. మా పిన్ని కొడుకు అలా ఒకచోట లక్ష రూపాయలు కట్టి, అసలు ధ్రువపత్రాలు కూడా ఇచ్చి వచ్చాడు. మూల ధ్రువపత్రాలను విద్యాసంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసిన సంగతి అతనికి తెలియదు, ఇంట్లో మాకూ తట్టలేదు. మేలో ఐఐఎం వెయిటింగ్ లిస్టు కదిలి సీటు వచ్చినప్పుడు ఆ కార్యాలయం చుట్టూ వారం తిరిగాం. ఒకరోజు గుమస్తా సెలవు, ఒకరోజు బీరువా తాళం డైరెక్టరు గారి దగ్గర. నియమం ప్రతిని జత చేసి రాతపూర్వకంగా అర్జీ పెట్టాక బీరువా తెరుచుకుంది. పదో తరగతి మెమో నుంచి టీసీ దాకా అన్నీ లెక్కపెట్టి చేతికి తీసుకునేసరికి, ఐఐఎం ఇచ్చిన గడువుకు రెండు రోజులే మిగిలాయి.